అనుమతి నిమిషాల్లో వస్తోంది, ఇల్లు మాత్రం అందడం లేదు: పాతబస్తీ లెక్క ఏం చెబుతోంది?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన రోజులు మన పెద్దలందరికీ గుర్తే. ఇప్పుడు ఆ పని చాలావరకు ఆన్‌లైన్‌లోనే అయిపోతోంది. 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ వచ్చింది. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థ వచ్చింది. ఇంజనీర్ గీసిన ప్లాన్ రూల్స్ ప్రకారం ఉందో లేదో కంప్యూటరే చూసి చెప్పేస్తోంది. 2024లో జీహెచ్‌ఎంసీ డ్రోన్లతో, ఇంటింటి సర్వేతో జీఐఎస్ మ్యాపింగ్ మొదలుపెట్టింది. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులను వెబ్‌సైట్‌లో పెట్టింది.

మరి ఇంత టెక్నాలజీ వచ్చాక ఇల్లు చవకయిందా? యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, హసన్‌నగర్, కిషన్‌బాగ్ లాంటి చోట్ల ఇరుకు తగ్గిందా? పెళ్లయిన కొడుక్కి ఒక గది ఇవ్వలేక, పరదా కట్టి ఒకే గదిని రెండు చేసుకుంటున్న కుటుంబాలు మన మొహల్లాల్లో ఎన్ని లేవు? అద్దె కట్టలేక షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్, జల్‌పల్లి వైపు వెళ్లిపోతున్నవాళ్లు ఎంతమంది లేరు?

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ఒక చదరపు కిలోమీటరుకు సుమారు 18 వేల మంది ఉన్నారు. జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతానికి పైనే. కాబట్టి జనసాంద్రత, ఇంటి ధర అనే మాటలు మనకు సెమినార్ల సబ్జెక్టు కాదు. రోజూ రాత్రి ఎవరు ఎక్కడ పడుకోవాలి అనే ప్రశ్న. అందుకే ఈ టెక్నాలజీ ఎవరికి పని చేస్తోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అన్నది కాస్త లెక్క వేసి చూద్దాం.

యంత్రం ఏం చూస్తుంది?

బీపాస్ చట్టం తెచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్, లేదా గ్రౌండ్ ప్లస్ వన్ కట్టుకుంటే అసలు అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు అయితే యజమాని తానే హామీపత్రం ఇచ్చి వెంటనే అనుమతి తీసుకోవచ్చు. అంతకంటే పెద్దదయితే సింగిల్ విండోలో 21 రోజులు. పేదవాడి నుంచి లంచం గుంజే చేతులు కొన్ని దీనితో తగ్గాయి. ఇది ఒప్పుకోవాల్సిన మాట.

కానీ యంత్రానికి ఒక అలవాటు ఉంది. మనం ఏది రాసి ఇస్తే అదే చూస్తుంది. దానికి కనిపించేవి నాలుగు సంగతులు: ప్లాటు కొలతలు, యజమాని పేరు, ఎదుట రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ. ఈ నాలుగూ సరిగ్గా ఉన్నవాడికి పని నిమిషాల్లో అవుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా యంత్రం వేగం వాడికి ఏ మాత్రం ఉపయోగపడదు. ఇదివరకు ఆఫీసర్ 'రేపు రా' అనేవాడు. ఇప్పుడు స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. అంతే తేడా.

ఇక ఆ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి, ఎన్ని కుటుంబాలు అద్దెకున్నాయి, పై రేకుల గదిలో ఎవరుంటున్నారు అన్నది ఈ లెక్కలోకి రాదు. మ్యాప్ మీద ప్లాటు కనిపిస్తుంది, కుటుంబం కనిపించదు.

మొదటి అడ్డు కాగితమే

మన బస్తీల్లో చాలా ఇళ్లు నోటరీ కాగితం మీద చేతులు మారినవే. వంద రూపాయల స్టాంపు పేపర్, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. అబ్బా కొన్నారు, తర్వాత బాబాయికి సగం ఇచ్చారు, ఆయన ఇంకొకరికి అమ్మారు. ముప్పై ఏళ్లుగా ఇంటిపన్ను కడుతున్నారు, కరెంటు బిల్లు ఉంది, నల్లా బిల్లు ఉంది. కానీ చట్టం ముందు ఇవేవీ హక్కు పత్రాలు కావు. పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుంది, ఇల్లు మీదే అని చెప్పదు.

ఇలా ఎందుకు జరిగింది? మనవాళ్లకు చట్టం తెలియక మాత్రమే కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఒక కారణం. తెలంగాణలో ఇప్పుడు స్టాంపు డ్యూటీ, ఇతర చార్జీలు కలిపి 7.5 శాతం. 20 లక్షల ఇంటికి లక్షన్నర. కమిటీ ఎత్తి, పెళ్లి బంగారం అమ్మి, దుబాయ్ నుంచి అన్న పంపింది కలిపి ఇల్లు కొన్నవాడికి చివర్లో ఆ లక్షన్నర మిగలదు. వడ్డీ వద్దనుకుని బ్యాంకు గడప ఎక్కని కుటుంబాలు చాలానే ఉన్నాయి. బ్యాంకే లేనప్పుడు 'క్లియర్ టైటిల్ తెచ్చుకో' అని అడిగేవాళ్లూ ఉండరు. అలా నోటరీతోనే గడిచిపోయింది.

ఇప్పుడు ఆ కాగితం ప్రతిచోటా అడ్డుపడుతోంది. 2020లో వచ్చిన లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అందరూ ఎల్‌ఆర్‌ఎస్ అనేది, ఆ ఏడాది ఆగస్టు 26లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే వర్తిస్తుంది. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షల పైగా దరఖాస్తులు వచ్చాయి. నోటరీ ప్లాటు ఉన్నవాళ్లు ఆ వరుసలో నిలబడే అర్హత కూడా పొందలేదు. 2023 జూలైలో జీవో 84 వచ్చింది. నోటరీ పత్రాలను క్రమబద్ధీకరిస్తామని, 125 గజాల లోపు ఉంటే స్టాంపు డ్యూటీ కూడా ఉండదని అందులో చెప్పారు. మంచి ఆలోచనే. కానీ ఈనాటికీ మొహల్లాల్లో నోటరీ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లను చూస్తే ఆ తలుపు పూర్తిగా తెరుచుకోలేదని తెలుస్తూనే ఉంది.

ఇంకో చిక్కు వక్ఫ్ భూములది. వక్ఫ్ జాబితాలో ఉన్న సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్ట్రేషన్ జరగదు. వక్ఫ్ ఆస్తిని కాపాడాలంటే అది అవసరమే. కానీ ఒక సర్వే నంబర్‌లో కొంత భాగమే వక్ఫ్ అయి, మొత్తం నంబర్ జాబితాలోకి ఎక్కితే? పక్కనే సొంత పత్రాలున్న కుటుంబం కూడా ఇరుక్కుపోతుంది. ఇలాంటి చోట మ్యాపింగ్ టెక్నాలజీ నిజంగా పనికొస్తుంది. సరిహద్దు ఎక్కడో గజం తేడా లేకుండా గీయడమే దానికి బాగా వచ్చిన పని. చేయించే ఓపిక వక్ఫ్ బోర్డుకు, రెవెన్యూ శాఖకు ఉండాలి.

ఎత్తు పెరిగితే ధర తగ్గుతుందా?

నగర ప్రణాళిక నిపుణులు తరచూ చెప్పే మాట ఒకటుంది. ఒకే స్థలంలో ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇస్తే ఇళ్ల సంఖ్య పెరుగుతుంది, సంఖ్య పెరిగితే ధర తగ్గుతుంది. వినడానికి బాగానే ఉంది. హైదరాబాద్ ఈ ప్రయోగాన్ని దేశంలో చాలా నగరాల కంటే ముందే చేసింది. 2006లో వచ్చిన జీవో 86, ప్లాటుకు ఇంత నిర్మాణమే అనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారి. ఎంత ఎత్తు కట్టవచ్చో రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, వదిలిన ఖాళీ తేలుస్తాయి.

ఫలితం ఏమైంది? పడమర వైపు టవర్లు లేచాయి. ఇళ్లు పెరిగాయి, నిజమే. కానీ ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చు అనగానే భూమి ధర కూడా ఆ అంతస్తుల లెక్కలోనే పెరిగింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల పైమాటే. ఆ ధరకు భూమి కొన్న బిల్డర్ ఆటో డ్రైవర్ కోసమో, జరీ పనివాళ్ల కోసమో ఇల్లు కట్టడు. కట్టలేడు కూడా.

కేంద్రం 'అందుబాటు ఇల్లు' అని దేన్ని అంటోందో చూడండి. హైదరాబాద్ లాంటి మెట్రో నగరంలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు మించకపోతే నిర్మాణంలో ఉన్న ఫ్లాటు మీద జీఎస్‌టీ 1 శాతం, లేదంటే 5 శాతం. ఈ 45 లక్షల గీత 2019 ఏప్రిల్ నుంచి ఉన్నదే. పోనీ 40 లక్షల అప్పే తీసుకున్నారనుకుందాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల కిస్తీ దాదాపు 35 వేలు. నెలకు ఇరవై, ముప్పై వేలు సంపాదించే ఇంటికి ఇది ఏ కోణంలో అందుబాటు?

ఇక రెండో సంగతి, మనం మాట్లాడుకోవడానికి ఇబ్బంది పడేది. డబ్బు ఉన్నా కొన్ని కాలనీల్లో, కొన్ని అపార్ట్‌మెంట్లలో పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదండీ' అనే జవాబు వస్తుంది. ఈ అనుభవం లేని ముస్లిం కుటుంబం నగరంలో అరుదు. దాని ఫలితంగా మంచి జీతం ఉన్న కుర్రాడు కూడా తిరిగి టోలిచౌకికో, మెహదీపట్నానికో, పాతబస్తీకో వస్తాడు. అక్కడి అద్దె పెరుగుతుంది. అక్కడ తక్కువ ఆదాయం ఉన్నవాడు ఇంకా బయటికి జరుగుతాడు. అంటే మన మొహల్లాల్లో సాంద్రత కొంత మన ఇష్టంతో, కొంత ఇతరుల తిరస్కారంతో ఏర్పడింది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దీనికి కాలమ్ లేదు.

60 గజాల లెక్క

ఇప్పుడు ఒక సాధారణ ఇంటిని తీసుకుందాం. 60 గజాలు, అంటే 540 చదరపు అడుగులు. ఇంటి పెద్దాయన చనిపోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. షరియత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలింది కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి చొప్పున. గజాల్లో చెప్పాలంటే అమ్మకు 7.5, ఒక్కో కొడుక్కి 21, కూతురికి 10.5.

ఈ పంపకం న్యాయమైనది. కానీ నేల మీద దీన్ని గీయలేం. పదిన్నర గజాల్లో గోడ కట్టి ఎవరూ ఉండలేరు. అందుకే ఏమవుతోంది? ఆడబిడ్డ 'నాకేం వద్దు భయ్యా' అనేస్తుంది, లేదా అనిపిస్తారు. అన్నదమ్ములు మధ్యలో గోడ కడతారు, లేదా ఒకరు కింద, ఒకరు పైన ఉంటారు. కాగితం మాత్రం ఇంకా తండ్రి పేరు మీదే. రెండు తరాలు గడిచేసరికి ఒక 60 గజాల ఇంటికి పదిహేను మంది వారసులు. యంత్రానికి ఒక్క పేరు కావాలి. అక్కడ పదిహేను సంతకాలు కావాలి. పని ఆగిపోతుంది.

నేల పంచడం కుదరనప్పుడు అంతస్తులు పంచుకోవచ్చు కదా? పక్కపక్కన ఉన్న నాలుగు 60 గజాల ఇళ్లు కలిసి కట్టుకుంటే ఎలా ఉంటుందో రఫ్‌గా లెక్క వేద్దాం.

విడిగా ఉన్నప్పుడు ఒక్కో ప్లాటు 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. ముందు ఐదడుగులు వదిలితే 450 చదరపు అడుగులు. రెండంతస్తులు 900. మెట్లకు అంతస్తుకు 60 అడుగులు పోతే మిగిలేది 780. మూడు వైపులా గోడలు, గాలి లేదు, మధ్య గదిలో పగలు కూడా లైటు.

నాలుగూ కలిపితే 36 అడుగులు, 60 అడుగులు. చుట్టూ ఐదడుగులు వదిలామనుకుందాం. మిగిలేది 26, 50. అంటే 1,300 చదరపు అడుగులు. మూడంతస్తులు 3,900. మెట్లకు, లిఫ్టుకు అంతస్తుకు 150 తీసేస్తే 3,450. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 860 చిల్లర. నాలుగు వైపులా కిటికీలు, ఒకే మెట్ల దారి. మంచిదే, కానీ లాభం 80 అడుగులే. అంత చిన్న లాభానికి ఇల్లు కూల్చి, ఏడాది అద్దెకుండి, కట్టే ఖర్చంతా జేబులోంచి పెట్టుకోవడానికి ఎవరు సిద్ధపడతారు?

అదే ఐదంతస్తులకు వీలుంటే? మొత్తం 5,750 చదరపు అడుగులు. నాలుగు కుటుంబాలకు తలా 860 పోగా, సుమారు 2,300 అడుగులు మిగులుతుంది. అది అమ్మితేనో, అద్దెకిస్తేనో కట్టే ఖర్చులో పెద్ద భాగం దానంతట అదే వస్తుంది. లేదా పెళ్లయిన పిల్లలకు ఇంకో రెండు ఇళ్లు వస్తాయి. బ్యాంకు అప్పు లేకుండా, వడ్డీ లేకుండా, మొహల్లా వదలకుండా. ఇరుకు బస్తీలో ఇల్లు అందుబాటులోకి రావడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు కనిపించడం లేదు.

మరి అడ్డు ఏమిటి? రోడ్డు

ఇక్కడ రూల్ వచ్చి నిలబడుతుంది. 18 మీటర్ల పైన భవనం కట్టాలంటే ఎదుట కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ 18, 24, 30 మీటర్ల రోడ్డు అడుగుతారు. 18 మీటర్ల లోపు కట్టే నాలుగైదు అంతస్తులకు కూడా రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు షరతులు ఉన్నాయి. మన గల్లీల్లో ఒక ఆటో వెళ్తే ఎదురుగా బైక్ ఆగాల్సిందే. కాబట్టి ఎఫ్‌ఎస్‌ఐ లేదన్న స్వేచ్ఛ కోకాపేటకు దక్కింది, తలాబ్‌కట్టకు దక్కలేదు.

ఈ రూల్ ఊరికే పెట్టలేదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో ఒకే ఇంట్లో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. లోపలికి వెళ్లే దారి ఇరుకుగా ఉండటం ఎంత ప్రమాదమో ఆ రోజు నగరమంతా చూసింది. కాబట్టి రోడ్డు రూల్ తీసేయండి అని అడగడం మన ప్రాణాల మీదకే తెచ్చుకోవడం.

అడగాల్సింది వేరు. ఏ గల్లీలో ఫైరింజన్ ఎంత దూరం వెళ్లగలదు, ఏ నాలుగు ప్లాట్లు కలిసి ముందు ఐదడుగులు వదిలితే గల్లీ వెడల్పవుతుంది, ఎక్కడ ఇంకో అంతస్తు ఇచ్చినా డ్రైనేజీ, నల్లా తట్టుకుంటాయి అన్నది ఇవాళ జీఐఎస్ మ్యాప్ మీద తేల్చవచ్చు. డ్రోన్ సర్వే చేసిన ప్రభుత్వానికి ఆ సమాచారం చేతిలో ఉంటుంది. ఇప్పటిదాకా దాని గురించి ఎక్కువగా వినిపించిన మాట మాత్రం ఇంటిపన్ను. పన్ను వసూలుకు పనికొచ్చే మ్యాప్, గల్లీ బాగుకు కూడా పనికిరావాలి కదా.

రోడ్డుకు స్థలం ఇచ్చినవాళ్లకు టీడీఆర్ అనే పత్రం ఇస్తారు. 2017 చివర్లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం రోడ్డు కోసం పోయిన స్థలానికి నాలుగు రెట్లు. ఆ హక్కును బిల్డర్లకు అమ్ముకోవచ్చు. పెద్ద ప్లాట్ల యజమానులకు ఈ సంగతి బాగా తెలుసు. పది గజాలు పోయిన చిన్న ఇంటివాడికి ఎవరు చెప్పారు? చెప్పినా, నోటరీ కాగితం మీద టీడీఆర్ రాదు. మళ్లీ మొదటి అడ్డు దగ్గరికే వచ్చాం.

ముంబై చూపించిన రెండు దారులు

కలిసి కట్టుకోవడం అనేది ఊహ కాదు. ముంబై భెండీ బజార్‌లో దావూదీ బోహ్రా సమాజం దాన్ని చేసి చూపిస్తోంది. 2009లో సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్ట్ పేరుతో మొదలుపెట్టారు. 16.5 ఎకరాలు, సుమారు 250 పాత భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. అద్దెకున్న కుటుంబానికి కూడా కనీసం 350 చదరపు అడుగుల సొంత ఇల్లు. మొదటి టవర్లలోకి జనం వెళ్లడానికి పదేళ్ల పైనే పట్టింది, అప్పటిదాకా తాత్కాలిక ఇళ్లలో ఉన్నారు. కాబట్టి ఇది సులువైన పని అని ఎవరూ అనుకోవద్దు. కానీ అక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, మహారాష్ట్రలో క్లస్టర్ పద్ధతిలో కట్టుకుంటే ఎక్కువ నిర్మాణానికి రూల్ ఉంది. రెండు, అందరి తరఫున మాట్లాడే నమ్మకమైన ట్రస్టు ఉంది. యంత్రం ఆ తర్వాతి మాట.

రెండో దారి ధారావి. 2024లో అక్కడ డ్రోన్లు, లేజర్ స్కానర్లతో ప్రతి గదికీ ఒక నంబర్ ఇస్తూ సర్వే మొదలుపెట్టారు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లను కూడా లెక్కించారు. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ పని. కానీ లెక్కలోకి వచ్చిన తర్వాత ఏమైంది? 2000 జనవరి 1 కంటే ముందు నుంచి కింద ఉన్నవాళ్లకు ధారావిలోనే ఉచిత ఇల్లు. ఆ తర్వాత 2011 వరకు వచ్చినవాళ్లకు ధారావి బయట, రెండున్నర లక్షలకు. పై అంతస్తుల వాళ్లకు బయట, అద్దె మీద కొనుక్కునే పద్ధతిలో. అంటే స్కానర్ అందరినీ చూసింది. ఎవరు అక్కడే ఉండాలి, ఎవరు వెళ్లాలి అన్నది తేదీ, అంతస్తు తేల్చాయి. టెక్నాలజీ ఎంత మంచిదైనా చివరి మాట రూల్‌దే.

దూరంలో ఇచ్చిన ఇల్లు

మన దగ్గర కూడా ప్రభుత్వం ఇళ్లు కట్టింది. కొల్లూరులో 145 ఎకరాల్లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు, 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, ఉచితం. లబ్ధిదారులను కంప్యూటర్ డ్రా ద్వారా ఎంపిక చేశారు. పైరవీలకు తావు లేకుండా చేయడానికి అది మంచి పద్ధతే. కానీ చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనిచేసేవాడికి, ఇంట్లో కూర్చుని మగ్గం పని చేసే అమ్మాయికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఇల్లు వస్తే రోజు ఖర్చు, పిల్లల బడి, మదర్సా, ముసలి అమ్మీ ఆసుపత్రి సంగతేంటి? డ్రా తీసే కంప్యూటర్‌కు దరఖాస్తు నంబర్ తెలుసు. పని ఎక్కడో తెలియదు.

2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఆర్‌బి-ఎక్స్ అని ఎర్ర రంగుతో రాసినప్పుడు కూడా ఇదే చూశాం. నది సరిహద్దు మ్యాప్ మీద స్పష్టంగా ఉంది. ఆ గీత లోపల ఒక్కో ఇంట్లో ఎన్ని కుటుంబాలున్నాయి, ఇంటికి ఒక ఇల్లా, కుటుంబానికి ఒక ఇల్లా, అద్దెకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నలు మాత్రం రంగు వేసిన తర్వాత మొదలయ్యాయి. ముందు లెక్క, తర్వాత గీత అయి ఉంటే అంత భయం ఉండేది కాదు.

పాతబస్తీ మెట్రో విషయంలో ఈ జాగ్రత్త ఇప్పుడే అవసరం. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు, 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఆస్తులు పోయేవారికి గజానికి 81 వేల రూపాయల పరిహారం ప్రకటించారు. మెట్రో వస్తే మంచిదే. స్టేషన్ చుట్టూ భూమి ధర, అద్దె పెరుగుతాయి. యజమానికి పరిహారం వస్తుంది, పక్క గల్లీలో అద్దెకున్నవాడికి అద్దె పెరుగుతుంది. స్టేషన్ దగ్గర ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇస్తే, అందులో కొన్ని ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు అని రూల్‌లోనే రాయించుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.

ఏం అడగాలి?

మన కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు వచ్చినప్పుడు రోడ్డు, లైటు, డ్రైనేజీ అడుగుతాం. ఈసారి ఇంకో మూడు అడగాలి.

ఒకటి, 125 గజాల లోపు నోటరీ ఇళ్ల సమస్యను చట్టబద్ధంగా, కోర్టులో నిలబడేలా తేల్చాలి. వార్డు ఆఫీసులో కూర్చుని, సర్వే మ్యాప్ పక్కన పెట్టుకుని, మొహల్లా మొహల్లాకూ చేయాలి.

రెండు, చిన్న ప్లాట్లు కలిపి కట్టుకునేవాళ్లకు ప్రత్యేక రూల్ కావాలి. గల్లీకి స్థలం వదిలి, ఫైర్ భద్రత పాటిస్తే అదనంగా రెండు అంతస్తులు. బిల్డ్‌నౌ లాంటి వ్యవస్థకు ఈ రూల్ నేర్పడం పెద్ద పనేమీ కాదు. రూల్ రాయడమే పెద్ద పని.

మూడు, ఏ సర్వే అయినా ఇంటి నంబర్‌తో పాటు కుటుంబాల సంఖ్య, అద్దెదారుల సంఖ్య నమోదు చేయాలి. ఆ సమాచారం కూల్చివేతకు ఆయుధం కాకుండా, పునరావాసానికి ఆధారం అవుతుందని రాతపూర్వక హామీ ఉండాలి.

మనం ఇంట్లో చేసుకోవాల్సింది

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. ఇంటి పెద్ద పోయాక వారసత్వ పంపకాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. మనసులో పంచుకున్నది చట్టానికి తెలియదు. వకీల్‌ను కలిసి పంపకం పత్రం రాయించి రిజిస్టర్ చేయించండి. అందులో చెల్లెళ్ల వాటా పేరుతో సహా ఉండాలి. అంతస్తు రూపంలోనో, డబ్బు రూపంలోనో వాళ్ల హక్కు వాళ్లకు చేరాలి. దీన్‌లో ఫర్జ్ అయిన పని, కాగితం మీద కూడా లాభమే.

శివార్లలో ప్లాటు కొనేముందు మూడు చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్‌లో ఆ సర్వే నంబర్ ఎఫ్‌టీఎల్‌లో గానీ, బఫర్‌లో గానీ ఉందేమో. నిషేధిత జాబితాలో ఉందేమో. ఫ్లాటు అయితే, 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఇళ్లు దాటిన ప్రాజెక్టులోనో ఉంటే రెరా నంబర్ ఉందా. 2024 జూలైలో హైడ్రా వచ్చాక చెరువు శిఖం ఇళ్ల మీదికి బుల్డోజర్ ఎలా వస్తుందో చూస్తూనే ఉన్నాం. అమ్మినవాడు అప్పటికి ఫోన్ ఎత్తడు. ఈ మ్యాపులు చూడటానికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవాడు చూసి పెడతాడు.

సర్వే వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు తలుపు వేసుకోవడం వల్ల లాభం లేదు. ఎవరు పంపారో, ఐడీ కార్డు ఏదో అడగండి. ఏం రాసుకుంటున్నారో చూడండి. అంతస్తుల సంఖ్య, కొలతలు తప్పు పడితే అక్కడే దిద్దించండి. ఒకసారి రికార్డులో పడిన తప్పును తర్వాత తీయించడం ఎంత కష్టమో రేషన్ కార్డు దిద్దించుకున్న ప్రతి ఇంటికీ తెలుసు.

నగరం మ్యాప్ ఇప్పుడు మళ్లీ గీస్తున్నారు. రాబోయే ఇరవై ఏళ్లలో ఎవరు ఏ గల్లీలో ఉంటారు, ఎవరు రింగ్ రోడ్డు అవతలికి జరుగుతారు అన్నది ఈ గీతల మీదే ఆధారపడి ఉంటుంది. గీసే చేతికి కుటుంబాలు కనిపించేలా చేయడం మన పని. అది వార్డు ఆఫీసులో ఇచ్చే ఒక అర్జీతో, ఇంట్లో ఇనప్పెట్టె తెరిచి బయటికి తీసే పాత కాగితాలతో మొదలవుతుంది.